బండిలో బండ: దారి వంటకు గ్యాస్ లెక్కలు

మా హనుమకొండలో నలుగురు కలిసి టెంపో ట్రావెలర్‌లో మేడారం పోదామనుకున్నా, ఒక కుటుంబం పాత వ్యాన్‌లో పరుపులూ పొయ్యీ పెట్టుకుని లక్నవరం, బొగత, కాళేశ్వరం చుట్టి వద్దామనుకున్నా, గ్యాస్ గురించి అడిగే మాట ఒక్కటే: "బండ ఎన్ని రోజులొస్తదన్నా?" దీనికి జవాబు కాగితం మీద ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ బండ బండిలో ఎక్కడుంటుంది? కొన్నేళ్లుగా ఇట్లా తిరుగుతున్నవాణ్ని. ఒకసారి ఘాట్ రోడ్డు మీద చలికి మంట కుంగిపోయింది. ఇంకోసారి పడుకునే పరుపు కిందే బండ పెట్టించుకుని, తర్వాత లెక్క వేసుకుని వణికిపోయాను. దారిలో గ్యాస్ అయిపోతే ఒక పూట అటుకులు తిని గడిపేయవచ్చు. ఉన్న గ్యాస్ ఉండాల్సిన చోట లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ వ్యాసంలో మొదటి ప్రశ్న మీద కొంచెం, రెండో ప్రశ్న మీద ఎక్కువ మాట్లాడతాను.

ఎన్ని రోజులొస్తుంది? ఇంట్లో 14.2 కిలోల బండ నెలన్నర వస్తోందంటే మీరు రోజుకు సుమారు 315 గ్రాములు కాలుస్తున్నట్టు. దారిలోనూ అవే నోళ్లు, అదే ఆకలి. ఇంటి పొయ్యి మీద పెద్ద బర్నర్ పూర్తిగా తెరిస్తే గంటకు 150 గ్రాములకు అటూ ఇటూ తాగుతుంది. లీటరు నీళ్లు మరగడానికి వంటింట్లో 11, 12 గ్రాములు చాలు. అదే లీటరు లక్నవరం కట్ట మీద, చెరువు గాలికి మంట పక్కకు వాలిపోతుంటే, దానికి రెట్టింపు తింటుంది. అంటే 5 కిలోల చిన్న బండ ఇంటి లెక్కన 16 రోజులు, ఆరుబయట లెక్కన 8 రోజులు అనుకోవాలి. నాలుగు రోజుల జాతరకు అది చాలు, మిగులుతుంది కూడా. పెద్ద బండ మోసుకుపోవాల్సిన పనే లేదు.

ఆ రెట్టింపు ఖర్చును తగ్గించడం పెద్ద విద్యేం కాదు. పొయ్యికి మూడు వైపులా రేకు అడ్డం పెట్టాలి, గిన్నె మీద మూత ఉండాలి, శనగలూ పప్పూ ముందురోజు రాత్రే నానబెట్టాలి, అన్నం కుక్కర్‌లో వండాలి. మొదటి రోజుకు ఇంటి నుంచే సద్ది కట్టుకుపోతే ఆ రోజు పొయ్యి చాయ్‌కి మాత్రమే వెలుగుతుంది. మా అవ్వ సకినాలూ సర్వపిండీ లేకుండా ఊరు దాటనిచ్చేది కాదు. అది ప్రేమే కానీ, గ్యాస్ లెక్కలో చూసినా తెలివైన పనే.

బండలో ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి మనవాళ్లు చేసే పని దాన్ని ఊపి చూడటం. ఊపితే ఏమీ తెలియదు. తడి గుడ్డతో పైనుంచి కిందికి తుడిచి చూడటం కొంత నయం. పొయ్యి కాసేపు వెలిగాక ద్రవం ఉన్నంత మేర రేకు చల్లబడి ఉంటుంది కాబట్టి అక్కడ తడి ఆలస్యంగా ఆరుతుంది, గీత గీసినట్టు కనిపిస్తుంది. అన్నిటికంటే నమ్మకమైనది తూకం. విమాన ప్రయాణాలకు సూట్‌కేస్ తూచుకునే చిన్న కొక్కెం తూకం ఉంటుంది కదా, దాన్ని బండ పైచక్రానికి తగిలించి లేపండి. ఖాళీ బండ బరువు బండ మెడ దగ్గర ఇనుము మీదే అచ్చువేసి ఉంటుంది. మొన్న మా బండ మీద 8.1 అని ఉంది, తూకం 10.9 చూపించింది. 2.8 కిలోలు ఉన్నట్టు, అంటే నాలుగైదు రోజులకు ఢోకా లేదు. ఫైబర్ గ్లాస్‌తో చేసిన కొత్త రకం కాంపోజిట్ బండలు వచ్చాయి. వాటిలో వెలుతురుకు ఎదురుగా పెడితే ద్రవం మట్టం కంటికే కనిపిస్తుంది, బరువూ తక్కువే. వ్యాన్‌కు అవి బాగా పనికొస్తాయి.

ఏ బండ తీసుకుపోవాలి అన్న దగ్గరే చాలామంది దారి తప్పుతున్నారు. ఇంటి కనెక్షన్‌కు వచ్చే ఎర్ర బండ నిండుగా ఉంటే 30 కిలోల బరువు. మలుపులో జారితే ఆపలేం, ఇద్దరు పట్టి దించాలి. కనెక్షన్ లేకపోయినా గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోగలిగిన 5 కిలోల బండలు చమురు సంస్థలే అమ్ముతున్నాయి. ఇండేన్‌లో దాని పేరు ఛోటూ. చిరునామా రుజువు అడగరు, ఆ సంస్థ అమ్మకందారులెవరి దగ్గరైనా ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకోవచ్చు. ధర ఇంటి బండ కంటే కిలోకు ఎక్కువ పడుతుంది, అయినా యాత్రకు ఇదే సరైనది. కొనేటప్పుడే మీ రెగ్యులేటర్ దానికి సరిగ్గా కూర్చుంటుందో లేదో అక్కడే పెట్టి చూడండి. రైలులో కాజీపేట దిగి ఇక్కడ వ్యాన్ అద్దెకు తీసుకునే చుట్టాలకు కూడా నేను ఇదే చెబుతాను. రైల్లో గ్యాస్ బండ తేవడం నేరం, ఇక్కడే కొనుక్కోండి.

ఇక చిన్న డబ్బాల పొయ్యిలు. పెట్టెలా ఉండి, పక్కన పావుకిలోకు కాస్త తక్కువ బ్యూటేన్ డబ్బా దూర్చుకునేవి. ఒకరిద్దరు చాయ్, మ్యాగీ చేసుకోవడానికి ఇవి హాయిగా ఉంటాయి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు. డబ్బా దూర్చిన గూటి మీదికి కూడా వచ్చేంత వెడల్పాటి గిన్నెగానీ పెనంగానీ వాటి మీద పెట్టొద్దు. పెనం అడుగు వేడి కిందికి కొట్టి డబ్బాను కాలుస్తుంది. గాలికని పొయ్యి మొత్తాన్నీ రేకుతో చుట్టేసినా అదే ప్రమాదం. అడ్డం మంటకు పెట్టాలి, డబ్బా వైపు తెరిచి ఉంచాలి.

నేను గట్టిగా వద్దనేది మూడో రకం. బజారులో రంగులు వేసి, ఐఎస్ఐ గుర్తు లేకుండా అమ్మే రెండు, మూడు కిలోల చిన్న బండలు. వాటిలోకి పెద్ద బండ నుంచి గొట్టంతో గ్యాస్ ఎక్కించే దుకాణాలు ప్రతి పట్నంలో ఏదో ఒక సందులో ఉంటాయి. 2000లో కేంద్రం ఇచ్చిన ఎల్పీజీ సరఫరా, పంపిణీ ఉత్తర్వు ప్రకారం అట్లా ఒక బండలోంచి ఇంకో బండలోకి ఎక్కించడం నిషేధం. చట్టం పక్కన పెట్టి లోపల ఏం జరుగుతుందో చూడండి. ఫ్యాక్టరీలో బండను ఎప్పుడూ నిండా నింపరు. ద్రవం 80 నుంచి 85 శాతం దగ్గర ఆపి, పైన ఖాళీ వదులుతారు. ఎందుకంటే ఈ ద్రవం వేడికి నీళ్ల కంటే చాలా ఎక్కువ ఉబ్బుతుంది. 25 డిగ్రీల దగ్గర నింపినది 60 డిగ్రీలకు చేరితే పరిమాణం దాదాపు పదో వంతు పెరుగుతుంది. ఆ పెరుగుదలకే ఆ ఖాళీ. సందులో నింపేవాడికి తూకం ఉండదు, "నిండా పోశాను" అనడమే అతని మర్యాద. మే నెలలో రామగుండం ఎండలో తలుపులు మూసి నిలబెట్టిన వ్యాన్ లోపల 60 డిగ్రీలు అసాధ్యమేం కాదు. ఉబ్బడానికి చోటు లేని ద్రవం అప్పుడు నేరుగా ఇనుమును తోస్తుంది. ఆవిరైతే నొక్కుకుని సర్దుకుంటుంది, ద్రవం సర్దుకోదు. ఒక్కొక్క డిగ్రీకీ ఒత్తిడి అమాంతం లేస్తుంది. అంతటి ఒత్తిడికి పరీక్ష చేసి పంపిన రేకు అది కాదు.

ఇప్పుడు ఎవరూ అడగని ఆ ప్రశ్నకు వస్తాను.

నా మొదటి వ్యాన్‌కు మంచమూ అరలూ చేయించినప్పుడు, వర్క్‌షాప్ వాళ్లు స్థలం కలిసొస్తుందని పరుపు కిందే ఒక డబ్బా కట్టి బండను అందులో పెట్టారు. పొయ్యి పైన, పైపు చెక్కలోంచి దూరి కిందికి. చూడటానికి ముచ్చటగా ఉండేది. ఏడాది పాటు దాని మీదే పడుకున్నాం. తర్వాత ఒక సాయంత్రం కూర్చుని లెక్క వేశాను.

వంటగ్యాస్ అంటే ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన మిశ్రమం. ఆవిరైనా సరే అది గాలి కంటే బరువు. ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైతే పొగలా పైకి పోదు, నీళ్లలా కిందికి దిగుతుంది, నేల వెంట పారుతుంది, పల్లం దొరికితే నిలుస్తుంది. ఇంట్లో గడప కింది సందులోంచో గచ్చు తూములోంచో ఎంతో కొంత బయటికి జారుతుంది. వ్యాన్ అడుగు చుట్టూ రేకు మూసి ఉన్న తొట్టి. తలుపు కూడా నేలకు కొంచెం పైనే మొదలవుతుంది. అది గ్యాస్‌కు బావి లాంటిది.

గాలిలో ఈ గ్యాస్ రెండు శాతానికి కాస్త తక్కువ కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ట్రావెలర్ లాంటి బండి లోపల సుమారు 12 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. ఆ చోటంతా అంటుకునే స్థితికి రావడానికి అరకిలో గ్యాస్ కూడా అక్కర్లేదు. కానీ గ్యాస్ అంతటా పరుచుకోదు, కిందే నిలుస్తుంది. నేల నుంచి అడుగు ఎత్తు మాత్రమే చూసుకుంటే 80 గ్రాములు సరిపోతాయి. 80 గ్రాములంటే వెలిగించని పెద్ద బర్నర్ నాబ్ అరగంట తెరిచి ఉండటం. ములుగు దాటాక గుంతల రోడ్డు మీద ఒక సంచీ దొర్లి నాబ్‌ను తిప్పితే, మీరు తాడ్వాయి చేరేసరికి ఆ అరగంట అయిపోతుంది. మనిషి ముక్కు సీటు ఎత్తులో ఉంటుంది, గ్యాస్ కాళ్ల దగ్గర ఉంటుంది. వాసన తెలియడానికి ఇథైల్ మెర్‌క్యాప్టన్ కలుపుతారన్నది నిజమే. అది పనిచేయాలంటే ముక్కు దాకా రావాలి కదా. పరుపు మీద పడుకున్న పిల్లల ముఖాలే దానికి అందరికంటే దగ్గర.

ఆ రాత్రే మంచం కింది డబ్బా పగలగొట్టాను. క్యారవాన్‌లు ఎక్కువగా తిరిగే యూరప్ దేశాల్లో ఇది ఎప్పుడో తేల్చుకున్న విషయం. అక్కడ బండకు బండిలోనే విడి గూడు ఉంటుంది. దాని తలుపు బయటి వైపు తెరుచుకుంటుంది, మనుషులుండే వైపు గాలి కూడా దూరకుండా మూసేస్తారు. గూటి అడుగున నేల కనిపించేలా రంధ్రం వదులుతారు. లీకైన గ్యాస్ బరువుకు అదే ఆ రంధ్రంలోంచి జారి రోడ్డు మీదికి పోతుంది. గ్యాస్‌కు ఉన్న ప్రమాదకరమైన గుణాన్నే కాపలాగా వాడుకున్నారన్న మాట. మనమూ చేయించుకోవచ్చు. వెనక తలుపు పక్కన రేకు గూడు, అడుగున అరచేయంత రంధ్రం, ఆ రంధ్రం సైలెన్సర్‌కు దూరంగా, బండ నిటారుగా నిలబడేలా నడుముకు బిగించిన బెల్టు. వ్యాన్‌కు ఇట్లాంటి మార్పులు చేయాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి అవసరం. ఆ పని ముందే చేసుకోండి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజు బీమా దగ్గర చిక్కు వస్తుంది.

ఇంత ఖర్చు ఎందుకనుకునేవాళ్లకు నా సలహా ఇంకా సులువైనది. బండికి పొయ్యినే బిగించొద్దు. విడి పొయ్యి, విడి బండ. ఆగిన చోట రెండూ కిందికి దించి, చెట్టు నీడన వండుకుని, చల్లారాక మళ్లీ ఎక్కించడం. ఇప్పుడు నేను చేసేది ఇదే. వాన పడితే వెనక డోరు పైకి లేపి దాని కింద వండుతాం.

వానకూ చలికీ తలుపులు మూసి లోపల వండటం గురించి విడిగా చెప్పాలి. కిలో గ్యాస్ కాలితే కిలోన్నర పైగా నీటి ఆవిరి పుడుతుంది. మీ పరుపులు తెల్లారేసరికి చెమ్మగిల్లడానికి సగం కారణం అదే. అది చిరాకు మాత్రమే. మూసిన చోట గాలి తగ్గేకొద్దీ మంట సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, నిద్ర. ఆ నిద్రలోంచి లేవని కుటుంబాలున్నాయి. చలికి వెచ్చగా ఉంటుందని పొయ్యి సిమ్‌లో పెట్టి పడుకోవడం, బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోవడం, ఈ రెండూ ఎన్నడూ చేయొద్దు. ఇంకో దుప్పటి కప్పుకోండి. లోపల వండక తప్పని బండి అయితే గ్యాస్ అలారం ఒకటి నేల దగ్గర, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పడుకున్న మనిషి తల ఎత్తున పెట్టించాలి. రెండూ ఒకటే అనుకుని ఒక్కటి కొని, ఎక్కడో మధ్యలో తగిలిస్తే ఏ ఒక్కదానికీ పనికిరాదు.

2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషన్ దగ్గర ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. లక్నో నుంచి యాత్రకు వచ్చిన వాళ్ల బోగీ అక్కడ ఆగి ఉంది. నిబంధనలకు విరుద్ధంగా వెంట తెచ్చుకున్న గ్యాస్ బండ మీద చాయ్ కాచుకోబోతే మంటలు లేచాయి. తొమ్మిది మంది కాలిపోయారు. వాళ్లూ మనలాంటి యాత్రికులే. ఇంటి వంట తిని దేవుణ్ని చూసుకుందామని బయల్దేరినవాళ్లే. బోగీ అయినా వ్యాన్ అయినా చోటు ఇరుకు, తలుపులు తక్కువ, నిండా పరుపులూ బట్టలూ. వంటింట్లో మంట లేస్తే పరుగెత్తి వాకిట్లోకి రావచ్చు. ఇక్కడ ఆ వాకిలే లేదు.

చలికి మంట కుంగిపోయిన సంగతి చెప్పాను కదా. డిసెంబర్‌లో కెరమెరి ఘాట్ ఎక్కి, జోడేఘాట్ పోయే దారిలో ఒక ఊరి బయట ఆగాం. తెల్లారి తొమ్మిది డిగ్రీలో ఎనిమిదో ఉంటుంది, నోట్లోంచి పొగలొస్తున్నాయి. పన్నెండు మందికి బగారా అన్నం అని ఐదు కిలోల బండకు ఫంక్షన్లలో వాడే పెద్ద బర్నర్ తగిలించాం. గంట కూడా గడవలేదు, మంట కుంగి దీపమంత అయింది. బండ పట్టుకుని చూస్తే మంచుగడ్డలా ఉంది, అడుగు భాగం మీద తెల్లటి పొర. తూచి తెచ్చిన బండ, సగానికి పైనే ఉండాలి.

"ఒడిసినట్టుంది తమ్మీ. పండవెట్టు, అడుగున ఉన్నది వస్తది" అన్నాడు మా కాక. నేను ఒద్దనేలోపే బండను వాల్చాడు. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత గిన్నె చుట్టూ మూరెడు ఎత్తున పసుపు మంట లేచింది. మా చిన్నమ్మ చేయి కాలినా లెక్కచేయక రెగ్యులేటర్ నాబ్ కట్టేసింది కాబట్టి సరిపోయింది. ఇప్పటికీ ఆమె మణికట్టు మీద మచ్చ ఉంది.

ఆ రోజు జరిగింది ఇది. బండలో ఉన్నది ద్రవం, పొయ్యికి కావాల్సింది ఆవిరి. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ వేడిని అది తన ఒంట్లోంచీ బండ రేకులోంచీ చుట్టూ గాలిలోంచీ లాక్కుంటుంది. చిన్న మంట అయితే గాలి ఇచ్చే వేడి సరిపోతుంది. గంటకు 400 గ్రాములు లాగే బర్నర్‌ను చిన్న బండకు తగిలిస్తే, గాలి ఇచ్చేది చాలక బండ తనలో తానే చల్లబడిపోతుంది, గంటలో పదీ పదిహేను డిగ్రీలు. తొమ్మిది డిగ్రీల దగ్గర మొదలైతే సున్నాకు చేరుతుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరా మరుగుతుంది కానీ, బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ కిందే మరగడం మానేస్తుంది. పైగా ఆవిరిలో ముందు ఎక్కువగా పోయేది ప్రొపేనే, కాబట్టి బండ తరిగేకొద్దీ అడుగున బ్యూటేన్ పాలు పెరుగుతుంది. చలికాలం చివరి కిలో మొండికేసేది ఇందుకే. గ్యాస్ ఉంది, ఆవిరి కావడం లేదు, అంతే.

పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోంచి పారుతుంది. ఒక చెంచా ద్రవం బయటికొస్తే దాదాపు 250 చెంచాల ఆవిరవుతుంది. మేం చూసిన మూరెడు మంట అదే. ఇళ్లలోనూ చివరి రోజున బండను వాల్చే అలవాటు మన దగ్గర విపరీతంగా ఉంది. దయచేసి మానేయండి. కింద మంట పెట్టడం, మరిగే నీళ్లు పోయడం అంతకంటే ఘోరం.

మరేం చేయాలి? ఆ పొద్దున దారిన పోతున్న ఒక ముసలాయన చూపించాడు. పక్కనే ఉన్న చేతిపంపు కొట్టి, టబ్బులో నీళ్లు పట్టించి, రెగ్యులేటర్ తీసేసి మూత పెట్టిన బండను అందులో బెత్తెడు లోతున నిలబెట్టాడు. చలికాలంలో బోరు నీళ్లు చేతికి వెచ్చగా తగులుతాయని మనందరికీ తెలుసు. భూమి లోపలి నీళ్లు ఏడాదంతా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటాయి, బయటి గాలి పడిపోయినా అవి పడిపోవు. పావుగంటకు బండ మీది తెల్లపొర కరిగింది. పెద్ద బర్నర్ పక్కన పెట్టి మామూలు పొయ్యి తగిలించి, అన్నం రెండు విడతలుగా వండుకున్నాం. చలికాలం ఆసిఫాబాద్, ఆదిలాబాద్ అడవుల్లోకి పోయేవాళ్లు బండను రాత్రి మంచులో వదలకుండా, పొద్దున ఎండ తగిలే చోట చెక్కపలక మీద నిలబెట్టుకుంటే చాలావరకు ఈ బాధ ఉండదు. ఒట్టి బ్యూటేన్ డబ్బాలనైతే ఆ తెల్లవారుజాముల్లో నమ్ముకోవద్దు.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి. బండ తెచ్చిన రోజే మూత తీసి వాల్వ్ నోట్లోకి టార్చి వేయండి. లోపల చుట్టూ చిటికెన వేలి ఉంగరంలా నల్ల రబ్బరు వాషర్ ఉంటుంది. అది అసలు లేకపోయినా, పగిలినా, ఒకవైపు నలిగి ఉన్నా బండ వెనక్కి ఇచ్చేయండి. ఎక్కువ లీకులు అక్కడివే. వాల్వ్ గుంటలో రెండు చుక్కల నీళ్లు పోస్తే బుడగ రాకూడదు. రెగ్యులేటర్ పెట్టాక టక్ మని కూర్చోవాలి, పైకి లాగితే ఊడకూడదు. పైపు నారింజ రంగు సురక్ష పైపే ఉండాలి, దాని వయసు ఐదేళ్లు. వ్యాన్‌లో ఎండకూ ఒరిపిడికీ నేను మూడేళ్లకే మారుస్తాను. అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి చూడండి. అగ్గిపుల్లతో చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కోండి. బండ మెడ పట్టీ లోపలివైపు ఒక అక్షరమూ రెండంకెలూ ఉంటాయి. డి-27 అని ఉంటే 2027 డిసెంబర్ లోపు దాన్ని మళ్లీ పరీక్షించాలని అర్థం. ఎ మార్చికి, బి జూన్‌కు, సి సెప్టెంబర్‌కు. గడువు దాటిన బండ ఇస్తే తీసుకోకండి.

బండి కదిలే ముందు నాబ్ కట్టేయడంతో సరిపోదు. రెగ్యులేటర్ ఊడదీసి, దారంతో వేలాడే ఆ ప్లాస్టిక్ మూతను వాల్వ్ మీద నొక్కి బిగించాలి. చాలామంది ఆ మూతను మొదటి రోజే పారేస్తారు. వాల్వ్ లోపల లీకైతే ఆపేది అదొక్కటే, దాచుకోండి.

వాసన వస్తే? బండి రోడ్డు పక్కకు తీసి తాళం ఆపేయండి. తర్వాత ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు, లోపల ఫోన్ తీయొద్దు. అన్ని తలుపులూ తెరిచి పిల్లల్ని దింపి గాలికి ఎదురు వైపు పంపండి. బండకు మూత బిగించి ఆరుబయట నిలబెట్టండి, పల్లంలోనో కాలువ పక్కనో కాదు. తర్వాత ఒక చాపో దుప్పటో తీసుకుని నేల మీద నుంచి బయటికి విసరండి, నీళ్లు తోడేసినట్టు. గ్యాస్ కిందే ఉంటుంది కాబట్టి కిటికీలు తెరిస్తే పోదు, నేల మట్టాన తోలితేనే పోతుంది. బండి నుంచి దూరం వచ్చాక 1906కు ఫోన్ చేయండి. దేశమంతటికీ ఆ ఒక్క నంబరే, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

మేడారం గురించి రెండు మాటలు. జాతర నాలుగు రోజులూ ఆ దారిలో బండ దొరుకుతుందని నమ్ముకోవద్దు, హనుమకొండలోనో ములుగులోనో నింపుకునే పోవాలి. జంపన్న వాగు ఒడ్డున పక్కపక్కనే గుడారాలు, కట్టెల పొయ్యిలు, ఎగిరే నిప్పురవ్వలు. అక్కడ మీ బండ పది అడుగుల లోపు ఎవరి కట్టెల పొయ్యీ లేని చోటు దొరక్కపోతే ఆ పూట బయట కొనుక్కు తినండి. ఏటూరునాగారం అభయారణ్యం లోపల దారి పక్కన ఎక్కడపడితే అక్కడ పొయ్యి వెలిగించడం కూడా కుదరదు. అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. ఫిబ్రవరి దాటితే అడవి నేలంతా ఎండుటాకే. చాయ్ ఫ్లాస్క్‌లో పోసుకుని ఆ మేర దాటేయండి.

ఇండక్షన్ పొయ్యి పెట్టుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా అని కుర్రాళ్లు అడుగుతున్నారు. కిలో గ్యాస్‌లో దాదాపు 12.7 యూనిట్ల శక్తి ఉంది. వంద ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో ఒకటింపావు యూనిట్. పొయ్యిల నష్టాలు తీసేసి చూసినా, కిలో గ్యాస్ చేసే పనికి అట్లాంటి బ్యాటరీలు ఏడెనిమిది కావాలి. చాయ్‌కీ పాలకూ ఒక బ్యాటరీ చాలు, నిజంగానే మంచి ఏర్పాటు. పన్నెండు మంది బగారా అన్నానికి ఇంకా చాలదు.

యాత్ర నుంచి వచ్చిన రాత్రి అందరూ అలసిపోయి ఉంటారు, సామాను పొద్దున దింపుదాం అంటారు. పరుపులు ఉండనీయండి, గిన్నెలు ఉండనీయండి. బండను మాత్రం ఆ రాత్రే దింపి, మూత బిగించి, గాలి ఆడే వసారాలో నిటారుగా నిలబెట్టండి. పొద్దున ఎనిమిదింటికల్లా ఆ వ్యాన్ మీద ఎండ పడుతుంది, మీరు అప్పటికి లేచి ఉండరు.